గడప బయటి చెప్పులు

"మంచి పిల్ల అని మీరే కదండీ రిపోర్టు ఇచ్చారు?"

కడియం పోలీస్‌స్టేషన్ వరండాలో నిలబడి వెంకటరత్నమ్మ ఆ మాట అనడం పొద్దుటి నుంచి ఎన్నోసారో శ్యామలాంబ లెక్కపెట్టడం మానేసింది. ఆవిడ చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. లోపల బెంచీ మీద కూర్చున్న కోడలికి అది అందించడానికి కానిస్టేబుల్ ఒప్పుకోలేదు. ఆ కోపం కానిస్టేబుల్ మీద చూపిస్తే ఇంకో చిక్కు కాబట్టి శ్యామలాంబ మీద చూపిస్తోంది.

"ఇచ్చానండీ. ఇప్పుడూ అదే మాట అంటాను."

"మరి మా పిల్ల మనిషిని చంపేసిందని టీవీలో అలా చెప్పేస్తున్నారేంటండీ? మీ మాట పట్టుకునే మా వాడికి చేసుకున్నాం. మీరే తేల్చాలి."

రాజమండ్రిలో శ్యామలాంబది పేరుకు డిటెక్టివ్ ఏజెన్సీ. వచ్చేవన్నీ పెళ్లి ఎంక్వయిరీలే. అబ్బాయి తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా, అమ్మాయి తరఫువాళ్లు ఎలాంటివాళ్లు, ఇవే. అంతకుముందు పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో పనిచేసింది. పై అధికారి కోరినట్టు రిపోర్టు మార్చి ఇవ్వనంది. మాటా మాటా పెరిగి ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి వచ్చేసింది. తానిచ్చిన రిపోర్టు తప్పని ఎవరైనా అంటే ఆవిడకి ఆ పూట అన్నం సయించదు. ఆశాజ్యోతి గురించి వెంకటరత్నమ్మకి రిపోర్టు ఇచ్చింది తనే. 'మాట దాచుకోలేని మనిషి, అబద్ధం ఆడటం చేతకాదు' అని అందులో ఉంది.

ఆ పిల్లనే ఇప్పుడు సాయంత్రం మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళుతున్నారు. అక్కడి నుంచి జైలుకే.

జరిగింది ఇది. సప్తధార రీసెర్చ్ యూనివర్సిటీ అని ఒకటి ఉంది. ప్రైవేటుది. తుని దగ్గర హైవే పక్కన పెద్ద క్యాంపస్, కడియం నర్సరీల మధ్య మొక్కల పరిశోధన క్యాంపస్, పెద్దాపురం రోడ్డులో ఇంకొకటి. కడియం క్యాంపస్ ల్యాబులో ఆశాజ్యోతి టెక్నీషియన్. నిన్న, గురువారం తెల్లవారి, ఆ ల్యాబు వెనక స్టోరు గదిలో డాక్టర్ ఉదయభాస్కర్ అనే ప్రొఫెసర్ చచ్చిపడి ఉన్నాడు. పక్కన మూత ఊడిన నైట్రోజన్ క్యాన్. పశువుల ఆసుపత్రిలో సూదిమందు దాచే క్యాన్ లాంటిదే, కాకపోతే ఇది నడుమెత్తున చక్రాల మీద ఉంటుంది. లోపల గడ్డకట్టించే చలి ద్రవం. మూసిన గదిలో అది ఆవిరైందంటే ఉన్న గాలినంతా తరిమేస్తుంది. గదికి తాళం వేసే మనిషి ఆశాజ్యోతి. చనిపోయినాయనకీ ఆమెకీ నెల కిందట గొడవ. మొదట నిర్లక్ష్యం అన్న పోలీసులు, చీకటి పడేసరికి కావాలనే ఫ్యాను కట్టేసి, మూత తీసి, తలుపు మూసిందని తేల్చేశారు.

లాయరు పుణ్యమా అని శ్యామలాంబకి ఆశాజ్యోతితో రెండు మాటలు మాట్లాడే వీలు దొరికింది. పిల్ల ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"మేడమ్, అసలు మా క్యాంపస్‌లో నైట్రోజన్ క్యానే లేదండి. తునిలో ఉంది. ఎంత మొత్తుకున్నా వినడం లేదు."

"బుధవారం నువ్వు ఎప్పుడెళ్లావు?"

"మామూలుగా చీకటి పడేదాకా ఉంటానండి. ఆ రోజు డైరెక్టర్ గారే త్వరగా వెళ్లిపొమ్మన్నారు. మర్నాడు యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చే ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుంది కదా, పొద్దున్నే రావాలన్నారు. అయిదు కాకుండానే తాళం వేసి ఇంటికొచ్చేశాను."

"రెండో తాళంచెవి?"

"డైరెక్టర్ గారి దగ్గరే."

"ఉదయభాస్కర్‌తో గొడవేంటి?"

ఆశాజ్యోతి తల దించుకుంది. "చెప్పులతో ల్యాబులోకి వచ్చానని తిట్టారండి. అందరి ముందూ. నేను ఏడ్చాను. గొడవంటే అదే. ఆయనకి ఆ విషయంలో మహా చాదస్తం అండి. కానీ తప్పు నాదే. బయటి మట్టి రవ్వంత వచ్చినా సీసాల్లో పెంచే మొక్కల పిలకలన్నీ బూజు పట్టిపోతాయి. ఆయన ఏళ్ల కష్టం పోతుంది."

చంపిన మనిషి, చచ్చినవాణ్ని ఇంతగా వెనకేసుకు రాదు. శ్యామలాంబ బయటికొచ్చి వెంకటరత్నమ్మ చేతిలో క్యారియర్ తీసుకుని, కానిస్టేబుల్ టేబుల్ మీద ఠపీమని పెట్టింది. "చెయ్యి పెట్టి చూస్కో నాయనా. పప్పూ అన్నమే. పెట్టు ఆ పిల్లకి." ఆ గొంతుకి కానిస్టేబుల్ క్యారియర్ పట్టుకుని లోపలికి నడిచాడు.

* * *

"సీఐ గారు లోపలున్నారా?"

"ఆయ్, ఇప్పుడే వచ్చారండి. డైరెక్టర్ గారు కూడా ఉన్నారండి," అన్నాడు ల్యాబు దగ్గర వాచ్‌మన్.

గడప దగ్గర చెక్క స్టాండు. అందులో పోలీసు బూట్లు, నిగనిగలాడే నల్ల బూట్లు, పక్కన ఆకుపచ్చ పట్టీల ఆడపిల్ల చెప్పులు. ఒక పట్టీ తెగితే పిన్నీసు పెట్టారు. తలుపు మీద మార్కర్‌తో రాసిన అట్ట వేలాడుతోంది: 'చెప్పులు బయటే. వీసీ గారివైనా సరే. ఇట్లు, ఉదయభాస్కర్.' శ్యామలాంబకి నవ్వొచ్చింది. అంతలోనే ఆ రాసినవాడు లేడు కదా అని మనసు చివుక్కుమంది. తన చెప్పులు స్టాండులో పెట్టి లోపలికి నడిచింది.

సీఐ విశ్వనాథ్ మేజోళ్లతో నిలబడి ఉన్నాడు. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు. ఒకప్పుడు ఎస్సైగా ట్రెయినింగులో ఉన్నప్పుడు వేలిముద్ర ఎలా తియ్యాలో శ్యామలాంబ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి అతనికి గుర్తు చేస్తే నచ్చదు.

"రండి శ్యామలాంబ గారూ. ఎవరి పెళ్లిచూపులకి?"

"మీ కేసుకీ నిజానికీ సంబంధం కుదురుతుందో లేదో చూసి పోదామని వచ్చానండీ."

పక్కనున్న డైరెక్టర్ మణిశంకర్ మర్యాదగా నవ్వాడు. తెల్లచొక్కా, నుదుట గంధం, మెత్తటి గొంతు. "చూడండమ్మా, మాకు దాచుకోవడానికేముందండీ. ఉదయభాస్కర్ గారు మా ఇంటి మనిషి లాంటివారు. కమిటీవారు కూడా బాధపడి ఇక్కడి ఇన్‌స్పెక్షన్ వాయిదా వేసుకున్నారు. మధ్యాహ్నం పెద్దాపురం క్యాంపస్ చూస్తారు."

గాజు సీసాలు పేర్చిన అరల దగ్గర ఒక అమ్మాయి తల వంచుకుని పని చేస్తున్నట్టు నటిస్తోంది. వట్టి కాళ్లు. ఆకుపచ్చ చెప్పులు ఆమెవే అయ్యుంటాయి. ఉదయభాస్కర్ దగ్గర పరిశోధన చేసే వర్షిణి అని డైరెక్టర్ పరిచయం చేశాడు. ఆమె తలెత్తలేదు. చేతిలో ఉన్న ఒక్క సీసానే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

స్టోరు గది చిన్నది. కిటికీ లేదు. మూల నైట్రోజన్ క్యాన్. శ్యామలాంబ ముందు గదంతా కలియజూసింది. దసరా వెళ్లి నెల కూడా కాలేదు. ఆయుధపూజ బొట్లు ఇంకా అన్నిటి మీదా ఉన్నాయి. ఫ్రిజ్ మీద, తూకం మిషన్ మీద, స్విచ్‌బోర్డు మీద, ఆఖరికి మూల చీపురు కర్రకి కూడా. ఉంగరం వేలితో పొందిగ్గా పెట్టిన పసుపు చుక్క, దాని మీద కుంకుమ. పెట్టిన మనిషి ఒక్కదాన్నీ వదల్లేదు.

క్యాన్‌కి మాత్రం ముందువైపు ఏమీ లేదు.

"ఈ క్యాన్ ఎన్నాళ్లుగా ఉందండీ ఇక్కడ?"

"క్యాంపస్ పెట్టిన దగ్గర్నుంచీ," అన్నాడు మణిశంకర్.

"ఈ మూలేనా?"

"ఈ మూలేనండీ. దాన్ని కదపం. బరువూ, ప్రమాదమూ కదా."

"దసరాకి పూజ చేసుకున్నారా?"

"అయ్యో, ఎందుకు చెయ్యమండీ! మిషన్లకి ఆ రోజు సెలవిచ్చేస్తాం."

"బొట్లు ఎవరు పెట్టారు?"

"ఆశాజ్యోతే. ఇక్కడ అన్నీ ఆ అమ్మాయే కదా చూసేది." ఆఖరి మాట సీఐ వైపు తిరిగి ఒత్తి పలికాడు.

శ్యామలాంబ మోకాళ్ల మీద కూలబడి, ఫోను లైటు వేసి, క్యాన్‌కీ గోడకీ మధ్య సందులోకి చూసింది. చూసి, లేవకుండానే చెయ్యి ఊపి సీఐని పిలిచింది. అతను ఇష్టం లేనట్టే వంగాడు. గోడవైపు తిరిగి ఉన్న పక్కన అరచేతి వెడల్పున గంధం పూసి ఉంది. మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ. హ్యాండిల్‌కి ఎండిపోయిన బంతిపూల దండ ముక్క.

"చీపురుకి కూడా బొట్టు పెట్టిన పిల్ల, గదిలో అన్నిటికంటే ఖరీదైన వస్తువుని వదిలేసిందాండీ? పోనీ ఈ గంధం ఆ పిల్లే పూసిందనుకుందాం. గోడకి పూజ చేస్తుందా? గోడకీ క్యాన్‌కీ మధ్య ఈ సందులో ఎలా దూరిందో చూపించమనండి."

మణిశంకర్ కూడా వంగి చూశాడు. "తుడవడానికి ఎవరైనా అటు తిప్పి ఉంటారు లెండి."

"కదపం అన్నారు కదండీ ఇప్పుడే?"

"ఏదో మాటవరసకి..."

"ఇది వేరే చోట పూజ చేయించుకుని ఇక్కడికొచ్చింది. దసరా తర్వాత వచ్చింది. ఆశాజ్యోతి చెప్పింది నిజం."

విశ్వనాథ్ మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "బొట్టు చూపించి కేసు కొట్టేయమంటారా మేడమ్? మేజిస్ట్రేటు గారు నవ్విపోతారు."

"అయితే శవం ఫొటో చూపించండి. దాన్ని చూసి ఎవరూ నవ్వరు."

చూపించకపోతే భయపడినట్టుంటుందని కాబోలు, ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఉదయభాస్కర్ ఇదే నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, ముప్పై దాటి ఉంటాయేమో. కళ్లజోడు పక్కకి జారింది. శ్యామలాంబ కాళ్ల దగ్గరికి ఫొటో జరిపి పెద్దది చేసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఫోను సీఐ మొహం ముందు పెట్టింది.

"కాళ్లకేమున్నాయండీ?"

"బూట్లు."

"లేసులు కట్టి ఉన్నాయా, విప్పి ఉన్నాయా?"

"కట్టే ఉన్నాయి. అయితే?"

"ఈ అమ్మాయికి ఆయన మీద పగ ఎందుకన్నారు మీరు?"

"చెప్పులతో లోపలికొచ్చిందని పదిమందిలో తిట్టాడు. అవమానం భరించలేక..." విశ్వనాథ్ మాట మధ్యలో ఆగిపోయింది.

"చెప్పండి, ఆగారేం? చెప్పులతో వచ్చిందని ఒకళ్లని ఏడిపించిన మనిషి, వీసీ గారివైనా బయటే అని తలుపుకి అట్ట కట్టిన మనిషి, తను మాత్రం లేసులు బిగించిన బూట్లతో ల్యాబంతా దాటి ఈ గదిలోకి వచ్చాడు! ఏవండీ, ఆ అట్ట చూసి మీరే మేజోళ్లతో నిలబడ్డారు కదా. రాసినవాడు నడిచొచ్చాడంటే ఎలా నమ్మారు? ఆయన తన కాళ్లతో ఇందులోకి రాలేదండీ. ఎవరో మోసుకొచ్చి పడేశారు. మోసేవాళ్లకి బూట్లు విప్పాలన్న ధ్యాస ఉండదు."

అరల దగ్గర సీసా ఒకటి కిందపడి భళ్లున పగిలింది. వర్షిణి వంగి ముక్కలు ఏరుకుంటోంది.

విశ్వనాథ్ తేరుకున్నాడు. తేరుకోవడం కంటే మొండికెత్తడం అంటే సబబు. తప్పు చేసినట్టు తెలుస్తున్నా, పదిమందిలో ఒప్పుకోవడం అతని జాతకంలో లేదు. "ఊహలు బాగున్నాయి. సాయంత్రం లోపు నోరు తెరిచి చెప్పే సాక్షిని తెండి, వింటాను. బొట్లనీ బూట్లనీ బోనెక్కించలేను."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మణిశంకర్ ముందుకొచ్చాడు. "సీఐ గారూ, మరి ఈ క్యాన్ మేం తీసుకోవచ్చా అండి? పెద్దాపురం క్యాంపస్‌లోది రిపేరుకి వెళ్లింది. కమిటీ వారికి చూపించాలి. పొద్దున మళ్లీ ద్రవం నింపించాం, లారీ వెనక తలుపు దగ్గర సిద్ధంగా ఉంది."

శ్యామలాంబ గిర్రున తిరిగింది. ఆశాజ్యోతి తునిలో ఉందన్న క్యాన్, కమిటీ రావలసిన వేళకి కడియం వచ్చింది, ఇప్పుడు పెద్దాపురం. కమిటీ ఎక్కడికెళితే క్యాన్ అక్కడికి ముందే వెళుతోంది. మూడు క్యాంపస్‌లకీ కలిపి ఉన్నది ఈ ఒక్కటే!

"మనిషి ప్రాణం తీసిన వస్తువుని ఊళ్లు తిప్పడానికి పంపిస్తారా విశ్వనాథ్ గారూ? ఇదీ మీరు నేర్చుకున్నది?"

నేర్చుకున్నది అన్న మాట తగలరాని చోట తగిలింది. "ఫొటోలు తీశాం, ముద్రలు తీశాం. నా కేసు ఎలా నడపాలో మీరు నాకు చెప్పక్కర్లేదు," అన్నాడు పళ్ల బిగువున. "తీసుకెళ్లండి డైరెక్టర్ గారూ."

ఒళ్లు మండిపోయి శ్యామలాంబ బయటికొచ్చేసింది. చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో చీర కొంగు పట్టి లాగారు. వర్షిణి. ఆకుపచ్చ చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నడిచింది. శ్యామలాంబ ఆమె వెంట వెళ్లింది.

* * *

ల్యాబుకి కొంచెం దూరంలో, నీడ వల కింద మొక్కల కుండీల మధ్య వర్షిణి ఆగింది. ఆగీ ఆగగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆశక్క ఏమీ చెయ్యలేదండి. సారు ఈ గదిలో పోలేదండి. లారీలో పోయారు."

ఇలాంటప్పుడు తొందరపెడితే ఎదుటి మనిషి మళ్లీ ముడుచుకుపోతుంది. శ్యామలాంబ ఆమెని పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చోబెట్టి, వీపు మీద చెయ్యి వేసింది.

"ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా ఇంతేనండి. ఒక క్యాంపస్‌లో చూడటం అయిపోగానే మిషన్లు లారీ ఎక్కించి రెండో క్యాంపస్‌కి తోలేస్తారు. మనుషుల్ని బస్సెక్కిస్తారు. నేనే రెండు చోట్ల రెండు పేర్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాను. అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. బుధవారం తునిలో కమిటీ వెళ్లగానే క్యాన్ ఎక్కించారు. అందులో సారు దాచిన పిలకలున్నాయండి. కోనసీమలో ఇప్పుడు ఎక్కడా దొరకని కొబ్బరి రకాలు, అరటి రకాలు. కుదుపుకి మూత ఊడితే అన్నీ పోతాయని సారు క్యాన్ పట్టుకుని లారీ వెనకే కూర్చున్నారు. మూసేసే లారీ. బయట గడియ వేశారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను."

"డైరెక్టరు?"

"వెనక కారులో. బయల్దేరేముందు ఇద్దరికీ మాటా మాటా అయ్యింది. ఇదే ఆఖరుసారి, రేపు కడియంలో కమిటీకి నిజం చెప్పేస్తానన్నారు సారు. డైరెక్టర్ గారు సరే సరే అన్నారు."

"తర్వాత?"

వర్షిణి రెండు చేతులూ చెవులకి ఆనించుకుంది. "జగ్గంపేట దాటాక పెద్ద గోతిలో పడిందండి లారీ. కాసేపటికి వెనక నుంచి కొట్టడం మొదలుపెట్టారు. రేకు మీద, గుప్పిటితో. అద్దంలోంచి చూస్తే తలుపు సందుల్లోంచి తెల్లటి పొగ. ఆపమన్నానండి. బతిమాలాను. డ్రైవరు ఆపబోయి డైరెక్టర్ గారికి ఫోన్ చేశాడు. కమిటీ వాళ్ల కారు వెనకాలే వస్తోంది, రోడ్డు మీద తలుపు తెరిస్తే మొత్తం బయటపడుతుంది, క్యాంపస్ వచ్చేదాకా ఆపొద్దు అన్నారు. స్పీకర్లో నేనూ విన్నాను. సారు ఫోను చార్జింగుకని నా దగ్గర పెట్టారు. లేకపోతే ఎవరికైనా చేసుకునేవారు. కొడుతూనే ఉన్నారండి. తర్వాత మధ్య మధ్య ఆగి కొట్టారు. వేమగిరి వచ్చేసరికి... ఆగిపోయింది."

శ్యామలాంబ చావులు చాలా చూసింది. కానీ ఒక మనిషి బతికించమని తలుపు కొడుతుంటే, తనిఖీ చెడిపోతుందని ఆపకుండా నడిపించుకుపోవడం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"నిన్నటి నుంచి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నా థీసిస్ మీద ఇప్పుడు డైరెక్టర్ గారే సంతకం పెట్టాలండి. మా నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ కష్టపడి చదివిస్తోంది. నోరు తెరిస్తే నా చదువు పోతుందని భయపడ్డాను. ఆశక్కని రాత్రికి వదిలేస్తారులే అనుకున్నాను. ఇందాక మీరు బూట్ల సంగతి చెబుతుంటే..." మళ్లీ వెక్కింది. "మోసింది నేను కూడానండి. కాళ్ల వైపు పట్టుకోమన్నారు. ఆ బూట్లు నా చేతుల్లోనే ఉన్నాయి."

శ్యామలాంబ ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తిట్టాలనీ అనిపించింది, దగ్గరకి తీసుకోవాలనీ అనిపించింది. చివరికి, "ఇదే మాట సీఐ గారి ముందు చెబుతావా?" అంది.

"చెబుతానండి. సారు ఫోను కూడా ఇచ్చేస్తాను. ల్యాబులో నా బ్యాగులో ఉంది. తెచ్చేసుకుంటాను." అప్పుడే కాస్త ఊపిరి తీసుకున్నట్టు మొహం తేటపడింది. ఫోను నంబరు శ్యామలాంబకి చెప్పి, కళ్లు తుడుచుకుని, పిన్నీసు పెట్టిన చెప్పు టపటపలాడిస్తూ ల్యాబు వైపు పరిగెత్తింది.

* * *

సీఐ జీపు ఎక్కబోతున్నాడు. శ్యామలాంబ ఎదురు నిలబడింది.

"నోరు తెరిచి చెప్పే సాక్షిని తెమ్మన్నారు. తెచ్చాను. నిలబడండి."

లారీ, గొయ్యి, తెల్లపొగ, రేకు మీద గుప్పిటి చప్పుడు, ఆపొద్దన్న ఫోను, అన్నీ చెప్పింది. విశ్వనాథ్ మొదట జీపు తలుపు మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నాడు. తర్వాత ఆ వేళ్లు ఆగిపోయాయి.

"కట్టుకథ కాదు కదా?" అన్నాడు నెమ్మదిగా. ఇప్పుడు ఆ గొంతులో వెటకారం లేదు.

"టోల్‌గేటు కెమెరాలో లారీ పడి ఉంటుంది. డ్రైవరు ఫోను ఎప్పుడు ఎవరికి కలిసిందో కంపెనీ వాళ్లు చెబుతారు. పోయినాయన ఫోను ఆ పిల్ల దగ్గరుంది. ఇంకేం కావాలండీ?"

"ఎక్కడా అమ్మాయి?"

నిజమే, ఎక్కడ? బ్యాగు తెచ్చుకోవడానికి ఇంతసేపా? శ్యామలాంబ వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్లని ఒంటరిగా లోపలికి పంపింది తనే. ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసింది! ల్యాబు వైపు నడక మొదలుపెట్టి, రెండడుగులకే పరుగందుకుంది.

గడప దగ్గర చెక్క స్టాండులో ఆకుపచ్చ పట్టీల చెప్పులున్నాయి. పిన్నీసు పెట్టినవి. పక్కపక్కనే పొందిగ్గా విడిచి ఉన్నాయి.

"ఉంది, లోపలే ఉంది," అన్నాడు వెనకే వచ్చిన విశ్వనాథ్. బూట్లు విప్పబోయి, ఆవిడ మొహం చూసి, విప్పకుండానే లోపలికి దూసుకుపోయాడు. ల్యాబులో ఎవరూ లేరు. అరల కింద బ్యాగు నేల మీద తెరిచి పడి ఉంది. పుస్తకాలున్నాయి. ఉదయభాస్కర్ ఫోను మాత్రం లేదు. స్టోరు గది మూల ఖాళీ. క్యాన్ చక్రాల గీతలు వెనక తలుపు దాకా సాగి, గడప దగ్గర ఆగాయి. ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. బయట మట్టిలో లారీ టైర్ల జాడ.

ఆ తలుపు పక్కన మణిశంకర్ నిలబడి చేతులకి శానిటైజర్ రాసుకుంటున్నాడు.

"వర్షిణి ఏదండీ?" అంది శ్యామలాంబ.

"పెద్దాపురం పంపించానండీ, క్యాన్‌తో పాటు."

"ముందు కూర్చుందా, వెనకా?"

"వెనకేనండీ." మెత్తటి గొంతు కొంచెం కూడా తడబడలేదు. "కుదుపుకి మూత ఊడిపోకుండా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి కదా. ఎప్పుడూ చేసే పద్ధతే."

"చెప్పులు లేకుండా వెళ్లిందా?"

మణిశంకర్ ముందు గడప వైపు చూశాడు. చెప్పులు చూడటం అతను మరిచిపోయాడు. మొన్న బూట్లు విప్పడం మరిచిపోయినట్టే.

విశ్వనాథ్ ఒక్క అంగలో వెళ్లి అతని చొక్కా పట్టుకుని గోడకి అదిమాడు. రెండో చేత్తో వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. "ద్వారపూడి! సప్తధార లారీ, మూసున్న బాడీ, కనపడగానే ఆపండి. తలుపులు తెరవండి. లోపల మనిషుంది. వినపడుతోందా? ముందు తలుపులు తెరవండి!"

శ్యామలాంబ వర్షిణి నంబరు నొక్కింది. మోగుతోంది. మోగుతోంది. తీసింది.

"వర్షిణీ! అమ్మా, నేనే. మాట్లాడు."

మాట లేదు. లారీ ఇంజను హోరు. ఆ హోరు వెనక నుంచి ఇంకో చప్పుడు. రేకు మీద గుప్పిటితో కొడుతున్న చప్పుడు. శ్యామలాంబ స్పీకరు నొక్కి, ఫోను పైకెత్తి పట్టుకుంది. విశ్వనాథ్ విన్నాడు. మణిశంకర్ కూడా విన్నాడు, విని కళ్లు మూసుకున్నాడు. ఈ చప్పుడు అతను బుధవారం డ్రైవరు ఫోనులో ఒకసారి విని ఉన్నాడు.

ఇద్దరు కానిస్టేబుళ్లకి అతన్ని అప్పగించి సీఐ జీపు వైపు పరిగెత్తాడు. శ్యామలాంబ ముందు గడప దాటుతూ ఆ ఆకుపచ్చ చెప్పులు చేతిలోకి తీసుకుని, తనవి తొడుక్కోకుండానే జీపెక్కింది.

"కొట్టు తల్లీ, ఆపకు. వస్తున్నాం. మేమొచ్చేదాకా కొడుతూనే ఉండు," అని ఫోనులోకి చెబుతూనే ఉంది. ఆ చప్పుడు వినపడినంతసేపూ పిల్ల బతికి ఉన్నట్టు. స్టేషన్లో కూర్చున్న ఆశాజ్యోతికి ఇల్లు దక్కేది కూడా ఆ చప్పుడు వల్లే.

జీపు మెయిన్ రోడ్డు ఎక్కింది. ఫోనులో చప్పుడు ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. ఇంకోసారి ఆగింది. ఈసారి మొదలవడానికి చాలాసేపు పట్టింది.